శిఖరాగ్ర సదస్సులో జనం మాట వినిపించాలంటే: ఒక్క పేరా పట్టుకుని నడిచే పద్ధతి

దేశాధినేతలు వరసగా నిలబడి దిగిన ఫొటో పేపర్లో వచ్చేసరికి ఆ సదస్సు కథ దాదాపు ముగిసినట్టే. ఆ ఫొటో వెనక ఒక ప్రకటన ఉంటుంది. 2023 సెప్టెంబరులో న్యూఢిల్లీలో జీ20 నేతలు ఆమోదించిన ప్రకటనలో 83 పేరాలున్నాయి. నేతలు కూర్చున్నది రెండు రోజులు. 83 పేరాలు రెండు రోజుల్లో పుట్టవు. అధికారులు నెలల తరబడి కూర్చుని, మాటమాటకీ పేచీ పడి, కొట్టేసి, మళ్లీ రాసి తయారుచేస్తారు. జనం మాట చేరాల్సింది ఆ నెలల్లో. మనం నోరు విప్పేది మాత్రం ఫొటో వచ్చాక.

ఈ ఎడం తగ్గించడం రాసేవాళ్ల చేతుల్లో ఉంది. మీరు విలేకరి కానక్కర్లేదు, దౌత్యశాస్త్రం చదవనక్కర్లేదు. రాసే అలవాటు, పత్రాలు చదివే ఓపిక, మీ రాతల కోసం చూసే యాభైమంది ఉంటే సరిపోతుంది. ఎక్కడ రాస్తారన్నది మీ ఇష్టం. నేను చెప్పేది రాతకు ముందూ వెనకా చేయాల్సిన పని గురించి. ఆ పనికి ఇరుసు ఒక్కటే: సదస్సు మొత్తాన్ని భుజాన వేసుకోకండి. ఒక్క పేరాను పట్టుకోండి. అది ముసాయిదాలో పుట్టిన రోజు నుంచి, ఆమోదం పొందాక అమలయిందో లేదో తేలేదాకా వదలకండి.

ఏ పేరా పట్టుకోవాలి

పెద్ద అంశం ఎంచుకోవాలనే ఆశ అందరికీ ఉంటుంది. యుద్ధం, వాణిజ్యం, వాతావరణం. వాటి మీద రాసేవాళ్లు వేలల్లో ఉన్నారు. మీ పాఠకుల బతుకుకు తగిలే చిన్న పేరా వెతకండి.

ఒక ఉదాహరణ చెబుతాను. విదేశాల్లో పనిచేసేవాళ్లు ఇంటికి డబ్బు పంపితే అందులో కొంత దారిలోనే ఖర్చుల కింద పోతుంది. 2009లో ఇటలీలోని లాక్విలాలో, అప్పటి ఎనిమిది పెద్ద దేశాల కూటమి జీ8 నేతలు ఈ ఖర్చును అయిదేళ్లలో 10 శాతం నుంచి 5 శాతానికి తగ్గిస్తామన్నారు. 2015లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఇదే విషయం మళ్లీ వచ్చింది: 2030 నాటికి 3 శాతంలోపు. ప్రపంచ బ్యాంకు లెక్కల ప్రకారం ప్రపంచ సగటు ఇప్పటికీ 6 శాతానికి పైనే ఉంటోంది. దీని గురించి పేపర్లలో పెద్ద అక్షరాల వార్త చూసిన గుర్తు నాకు లేదు. కానీ ప్రతినెలా ఇంటికి డబ్బు పంపే మనిషికి ఈ పేరా కంటే ముఖ్యమైన పేరా ఆ ప్రకటనలో ఇంకోటి ఉండదు. ఇలాంటిది పట్టుకోండి.

ఎంచుకున్నాక మిమ్మల్ని మీరు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ పేరాలో ఒక అంకె గానీ, గడువు గానీ ఉందా, లేక ఉండాలని అడగడానికి వీలుందా? ఇది మారితే ఎవరి జేబులో, ఎవరి పొలంలో, ఎవరి ఆస్పత్రిలో ఏం మారుతుంది? రెండింటికీ సమాధానం దొరక్కపోతే ఇంకో పేరా చూడండి.

ముసాయిదా ఎప్పుడు, ఎక్కడ పుడుతుంది

ఒక్కో సదస్సుకు ఒక్కో తీరు. ఇది తెలియకపోవడం వల్లే చాలామంది ఆలస్యంగా మొదలుపెడతారు.

జీ20కి శాశ్వత కార్యాలయం లేదు. అధ్యక్షత ఏటా ఒక దేశం నుంచి ఇంకో దేశానికి మారుతుంది. డిసెంబరు 1న కొత్త అధ్యక్ష దేశం బాధ్యత తీసుకుంటుంది. ప్రతి నేత తరఫునా చర్చలు నడిపే అధికారిని షెర్పా అంటారు. హిమాలయాల్లో శిఖరం ఎక్కేవాళ్లకు దారి చూపే షెర్పాల పేరే వీళ్లకూ పెట్టారు. ఏడాది పొడవునా ఈ షెర్పాలు, వాళ్ల కింద పనిచేసే బృందాలు, మంత్రులు విడివిడిగా కలుస్తుంటారు. నేతల ప్రకటన ముసాయిదాను బయటపెట్టరు. కానీ ఆర్థిక మంత్రులు, వ్యవసాయ మంత్రులు, ఆరోగ్య మంత్రులు ముందే విడుదల చేసే ప్రకటనలు బయటికి వస్తాయి. నేతల ప్రకటనలోకి చాలా మాటలు వాటినుంచే వెళ్తాయి. నిరుటి నేతల ప్రకటననూ ఈ ఏటి మంత్రుల ప్రకటనలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ఈసారి మీ పేరా ఎటు నడుస్తోందో ముందే అంచనా కట్టవచ్చు.

ఒక జాగ్రత్త. అధ్యక్షత మారితే వెబ్‌సైటు మారుతుంది, పాతదానిలోని పత్రాలు కనిపించకుండా పోతాయి. చదివిన ప్రతి పత్రాన్నీ అదే రోజు దింపుకుని, తేదీతో పేరు పెట్టి దాచుకోండి. పాత ప్రకటనలు కావాలంటే టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు జీ7, జీ20 పత్రాలను ఏళ్లుగా ఒకచోట భద్రపరుస్తున్నారు. అక్కడ వెతకండి.

ఐక్యరాజ్యసమితి పద్ధతి మనకు కొంత మేలు. అక్కడ మొదటి ముసాయిదాను జీరో డ్రాఫ్ట్ అంటారు, దాన్ని చాలాసార్లు బయటపెడతారు. 2024 సెప్టెంబరు 22న ఆమోదించిన ‘ప్యాక్ట్ ఫర్ ద ఫ్యూచర్’ జీరో డ్రాఫ్ట్ ఆ ఏడాది జనవరిలోనే వచ్చింది. దాదాపు ఎనిమిది నెలల వ్యవధి. ఆ ఎనిమిది నెలల్లో ముసాయిదా మళ్లీ మళ్లీ మారింది. చివర్లో ‘సైలెన్స్ ప్రొసీజర్’ అనే ఘట్టం వస్తుంది. ముసాయిదాను దేశాలకు పంపి, ఫలానా గంటలోపు ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అంటారు. ఆ గంట దాటితే మీ ఉత్తరం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు. మీ క్యాలెండర్లో గుర్తు పెట్టుకోవాల్సింది సదస్సు తేదీని కాదు, ఈ గడువుని.

వాతావరణ సదస్సులు సాధారణంగా ఏడాది చివర్లో జరుగుతాయి గానీ, వాటి పునాది పని జూన్‌లో జర్మనీలోని బాన్‌లో జరిగే సమావేశాల్లోనే నడుస్తుంది. బాన్‌ను పట్టించుకోకుండా నేరుగా చివరి సదస్సుకు వెళ్తే, సగం సినిమా అయ్యాక హాల్లో అడుగుపెట్టినట్టే.

ముసాయిదా దశలో జనం చదివితే ఏం జరుగుతుందో తెలుసుకోవాలంటే 1990ల నాటి సంగతి ఒకటి చూడాలి. విదేశీ పెట్టుబడుల మీద ఒక బహుపాక్షిక ఒప్పందం కోసం సంపన్న దేశాల కూటమి ఓఈసీడీ 1995లో చర్చలు మొదలుపెట్టింది. బయట పెద్దగా ఎవరికీ తెలియదు. 1997లో ముసాయిదా బయటికి పొక్కి, ఇంటర్నెట్‌లోకి వచ్చింది. పౌరసంఘాలు కూర్చుని వాక్యం వాక్యం చదివాయి. విదేశీ కంపెనీలు ప్రభుత్వాల మీద దావా వేయగల నిబంధనలను సామాన్యులకు అర్థమయ్యేలా విడమరిచి రాసి, దేశదేశాల్లో పంచాయి. 1998 అక్టోబరులో ఫ్రాన్స్ తప్పుకుంది. ఆ ఏడాది చివరికి చర్చలే ఆగిపోయాయి. దేశాల మధ్య విభేదాలు కూడా ఇందులో ఉన్నాయి, నిజమే. అయినా, గదిలో ఉన్న పత్రం వీధిలోకి రావడం వల్ల ప్రభుత్వాలు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ముసాయిదా చదవడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి నాకు తెలిసింది.

ముసాయిదాను ఎలా చదవాలి

ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఈ పని వస్తే మిగతాది దానంతటదే నడుస్తుంది.

ముందు బ్రాకెట్లు చూడండి. ఐక్యరాజ్యసమితి ముసాయిదాల్లో చదరపు బ్రాకెట్లలో ఉన్న మాటంటే ఇంకా ఒప్పందం కుదరలేదని. బ్రాకెట్ లేని మాట దాదాపు ఖాయం. మీ పేరాలో ఏ మాట బ్రాకెట్లో ఉందో అక్కడే పోరు నడుస్తోంది. మీ పాఠకులకు చూపించాల్సింది ఆ మాటే.

తర్వాత క్రియలు చూడండి. ‘నిర్ణయిస్తున్నాం’ అనే మాటకు బలం ఎక్కువ. ‘కోరుతున్నాం’ దానికంటే ఒక మెట్టు తక్కువ. ‘ప్రోత్సహిస్తున్నాం’, ‘ఆహ్వానిస్తున్నాం’ ఇంకా కింద. ‘గమనించాం’ అంటే చాలాసార్లు పక్కన పెట్టారనే అర్థం. 2009లో కోపెన్‌హాగన్ వాతావరణ సదస్సు చివర్లో కొన్ని దేశాలు కుదుర్చుకున్న ఒప్పందాన్ని పూర్తి సభ ఆమోదించలేదు, ‘గమనించింది’. అంతే.

ఒక్క క్రియ ఎంత పని చేస్తుందో పారిస్ వాతావరణ సదస్సులో తెలిసింది. 2015 డిసెంబరు 12. ఒప్పందం తుది ప్రతిలో నాలుగో అధికరణం నాలుగో పేరాలో, సంపన్న దేశాలు ఉద్గారాలు తగ్గించే లక్ష్యాల్లో ముందుండి ‘తీరాలి’ అనే అర్థం వచ్చే ‘షల్’ అనే మాట పడింది. అమెరికా ఒప్పుకోలేదు. ‘షల్’ ఉంటే అది చట్టబద్ధమైన కొత్త బాధ్యత అవుతుంది, సెనేట్ ముందుకు తీసుకెళ్లాల్సి వస్తుంది, అక్కడ గట్టెక్కదు. చివరికి దాన్ని ‘షుడ్’ అని మార్చారు. అంటే, చేయడం సబబు. మిగతా అచ్చుతప్పుల జాబితాతో కలిపి ఈ మార్పును సభలో చదివేశారు. ఆ వెంటనే ఒప్పందం ఆమోదం పొందింది. ఒక్క మాట దగ్గర మొత్తం ఒప్పందమే ఆగిపోయే పరిస్థితి వచ్చి, గంటల్లో సర్దుకుంది.

ఇక అసలు సాధన. ఒకే వాక్యం ముసాయిదా నుంచి ముసాయిదాకు ఎలా మారిందో వరసగా రాసుకోండి. 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో బొగ్గు గురించిన వాక్యం నా దృష్టిలో దీనికి మంచి పాఠం. సారాంశం తెలుగులో పెడుతున్నాను.

నవంబరు 10న: బొగ్గునూ, శిలాజ ఇంధనాలకిచ్చే సబ్సిడీలనూ దశలవారీగా ఎత్తివేసే పనిని వేగవంతం చేయాలని దేశాలను కోరుతున్నాం.

నవంబరు 12న: ‘అన్‌అబేటెడ్’ బొగ్గు విద్యుత్తునూ, ‘ఇన్‌ఎఫిషియెంట్’ సబ్సిడీలనూ ఎత్తివేయడాన్ని వేగవంతం చేయాలి.

నవంబరు 13 ఉదయం: వాటిని ఎత్తివేసే దిశగా ‘ప్రయత్నాలను’ వేగవంతం చేయాలి.

నవంబరు 13 రాత్రి, ఆమోదానికి కాస్త ముందు: బొగ్గు విషయంలో ‘ఎత్తివేత’ పోయి ‘తగ్గింపు’ వచ్చింది.

ప్రపంచమంతా మాట్లాడుకున్నది ఆ చివరి మార్పు గురించే. దాన్ని సభలో చదివింది భారత పర్యావరణ మంత్రి భూపేందర్ యాదవ్. సదస్సు అధ్యక్షుడు అలోక్ శర్మ గొంతు పూడుకుపోయింది, సభకు క్షమాపణ చెప్పారు. ఆ దృశ్యం అన్ని టీవీల్లోనూ వచ్చింది. కానీ అంతకుముందే ఆ వాక్యానికి మూడు సందులు పెట్టారు. ‘అన్‌అబేటెడ్’ అంటే పొగలోని కర్బనాన్ని పట్టి ఆపే ఏర్పాటు లేనిది. అంటే ఆ ఏర్పాటు పెట్టుకున్న బొగ్గు కేంద్రానికి ఈ వాక్యం వర్తించదు. ‘ఇన్‌ఎఫిషియెంట్’ సబ్సిడీ అంటే ఏది అసమర్థం, ఏది సమర్థం? ఎవరికి నచ్చినట్టు వాళ్లు చెప్పుకోవచ్చు. ‘ప్రయత్నాలను వేగవంతం చేయడం’ అంటే ఫలితం రాకపోయినా ప్రయత్నించామనవచ్చు. ఈ మూడూ పడ్డప్పుడు కన్నీళ్లు లేవు, పతాక శీర్షికలు లేవు. ముసాయిదాలు వరసగా చదివినవాళ్లకే అవి కనిపించాయి.

మీ పాఠకుడికి మీరు ఇవ్వగలిగింది ఇదే. చివరి రాత్రి జరిగిన రగడ ఎవరైనా చెబుతారు. దానికి ముందురోజే చడీచప్పుడు లేకుండా చేరిన విశేషణాన్ని మీరు చూపించాలి. అది చూపించినప్పుడు, ఏ దేశాన్ని ఏమని అడగాలో పాఠకుడికి స్పష్టంగా తెలుస్తుంది. లేకపోతే తప్పంతా ఆఖరున మాట్లాడిన దేశం మీదికి వెళ్లిపోతుంది.

పనిగా చెప్పాలంటే: ఒక కాగితం మీద ఎడమవైపు తేదీ, మధ్యలో ఆ రోజు వాక్యం, కుడివైపు మారిన మాట. ప్రతి కొత్త ముసాయిదాకీ ఒక వరస. అంతకంటే పెద్ద సరంజామా అక్కర్లేదు.

తెలుగులో ఎలా పెట్టాలి

సదస్సుల భాష ఇంగ్లిషులోనే ముద్దగా ఉంటుంది. దాన్ని మాటకు మాట తెలుగు చేస్తే ఇంకా ముద్దవుతుంది. ‘న్యాయబద్ధ పరివర్తన యంత్రాంగం’ అని రాస్తే చదివేవాడికి ఏమీ అందదు. బొగ్గు గని మూసేస్తే అందులో పనిచేసినవాళ్లకు వేరే పని ఎవరు చూపించాలన్న విషయం అని రాయండి. ఆ తర్వాత, సదస్సులో దీన్ని ‘జస్ట్ ట్రాన్సిషన్’ అంటారని ఒక్కసారి చెప్పండి. ఆ పేరు కూడా పాఠకుడికి తెలియాలి, లేకపోతే రేపు టీవీలో విన్నప్పుడు అది తనకు తెలిసిన విషయమేనని పోల్చుకోలేడు.

నేను ప్రతి రాతలోనూ మూడు విషయాలు ఉండేలా చూసుకుంటాను: పత్రం ఏమంది, నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, మారితే ఎవరికి ఏమవుతుంది. నా అభిప్రాయం ఉంటే దాన్ని విడిగా, ఇది నా అభిప్రాయమని చెప్పి రాస్తాను. ఈ గీత చెరిగితే పాఠకుల నమ్మకం పోతుంది, అధికారులు మీ ఉత్తరాన్ని పక్కన పడేస్తారు.

అసలు వాక్యాన్ని కూడా ఇవ్వండి. మీ అనువాదం తప్పయితే సరిదిద్దేవాళ్లుంటారు. తప్పు తేలినప్పుడు పాత రాతను గుట్టుగా మార్చకండి. ఫలానా తేదీన ఫలానా మాట సరిదిద్దానని పైనే రాయండి.

జనాన్ని ఏమని అడగాలి

‘ఈ సదస్సు మీద మీ అభిప్రాయం ఏమిటి’ అని అడిగితే వచ్చేవి రెండు రకాలు: తిట్లు, నినాదాలు. ఆ తప్పు జనానిది కాదు, ప్రశ్నది. అనుభవం అడగండి. ‘పోయినసారి ఇంటికి డబ్బు పంపినప్పుడు ఎంత పంపారు, ఎంత కోత పడింది, చేరడానికి ఎన్ని రోజులు పట్టింది?’ దీనికి ఎవరైనా జవాబు చెప్పగలరు. నలభైమంది చెబితే మీ దగ్గర నలభై నిజమైన సంగతులుంటాయి. దాన్ని సర్వే అనకండి, శాతాలు కట్టకండి. నలభైమంది చెప్పిన మాటలని మాత్రమే చెప్పండి. దాని బలం దానికుంది.

రాయలేనివాళ్లను మరిచిపోవద్దు. మీ పేరా ఎవరి బతుకు గురించో వాళ్లలో చాలామంది మీ రాత చదవకపోవచ్చు. ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపమనండి, లేదా మీరే వెళ్లి అడిగి రాసుకోండి. పేరు వాడాలా వద్దా అన్నది ముందే అడగండి. పని పోతుందనో, కేసు పడుతుందనో భయం ఉన్నవాళ్ల పేరు, ఊరు, పనిచేసే చోటు ఏవీ బయటికి రానివ్వకండి. ఇందులో చిన్న పొరపాటు జరిగినా నష్టపోయేది మీరు కాదు, మీకు చెప్పిన మనిషి.

ఆ మాటను గది లోపలికి చేర్చడం

జనం అడిగేది ఒక్కటే అయితే అది ఎంత దూరం వెళ్తుందో ‘జూబిలీ 2000’ ఉద్యమం చూపించింది. బీద దేశాలు తీర్చలేని అప్పులను 2000 సంవత్సరానికల్లా రద్దు చేయాలి, అంతే వాళ్ల కోరిక. 1998 మే 16న బర్మింగ్‌హామ్‌లో జీ8 సదస్సు జరుగుతుంటే దాదాపు 70 వేలమంది చేతులు పట్టుకుని మానవహారంగా నిలబడ్డారు. మరుసటి ఏడాది జర్మనీలోని కొలోన్‌లో జీ8 నేతలు అప్పుల ఊరటను పెంచడానికి ఒప్పుకున్నారు. అడిగినంతా రాలేదు. కానీ ఆ కోరికను ఎవరైనా ఒక్క వాక్యంలో చెప్పగలిగేవారు, నేతలు తప్పించుకోవడానికి అందులో సందు లేదు.

మీరు పంపే ఉత్తరం కూడా అలాగే ఉండాలి. ఒక్క పేజీ. పైన పేరా సంఖ్య. కింద ‘ఈ మాట బదులు ఈ మాట పెట్టండి’ అని కొత్త వాక్యం. దాని కింద ఎందుకో అయిదారు వరసలు, మీకు చెప్పినవాళ్ల మాటల్లోంచి రెండు. చర్చల్లో కూర్చునే అధికారి దగ్గర పత్రాలు గుట్టలుగా ఉంటాయి. సిద్ధంగా ఉన్న వాక్యాన్ని తీసుకోవడం ఆయనకు తేలిక. ‘ప్రజల ఆకాంక్షలను గౌరవించండి’ అంటే ఆయన చేయగలిగింది ఏమీ లేదు.

ఎవరికి పంపాలి? వాతావరణ చర్చలకు ప్రతి దేశానికీ జాతీయ ఫోకల్ పాయింట్ అనే అధికారి ఉంటారు, జాబితా ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం సైటులో ఉంటుంది. జీ20 అయితే షెర్పా కార్యాలయం, సంబంధిత మంత్రిత్వ శాఖ. వీటితోపాటు మీ చట్టసభ సభ్యుడికీ ఒక ప్రతి పంపండి. ఆయన సభలో ప్రశ్న వేస్తే మంత్రి రాతపూర్వకంగా జవాబివ్వాల్సి రావచ్చు, ఆ జవాబు మీకు తర్వాతి ఏళ్లలో కూడా పనికొస్తుంది. జీ20 చుట్టూ పౌరసంఘాలకు సీ20, యువతకు వై20, మహిళలకు డబ్ల్యూ20, కార్మిక సంఘాలకు ఎల్20 అని వేదికలున్నాయి. వాటి సిఫార్సులు సదస్సుకు ముందే వెళ్తాయి. కాబట్టి మీ వాక్యాన్ని వాళ్ల ముసాయిదాలో చేర్పించగలరేమో చూడండి. ఒంటరి ఉత్తరం కంటే అది బలమైన దారి.

కొన్ని ప్రాంతాల్లో ఇది దయతో ఇచ్చే అవకాశం కాదు, హక్కు. పర్యావరణ విషయాల్లో సమాచారం పొందే హక్కునూ, నిర్ణయాల్లో పాల్గొనే హక్కునూ గుర్తించిన ఆర్హుస్ ఒప్పందం మీద 1998లో సంతకాలయ్యాయి, అందులో ఉన్నవి ప్రధానంగా యూరప్ దేశాలు. లాటిన్ అమెరికా, కరీబియన్ దేశాలకు ఇలాంటిదే ఎస్కాజూ ఒప్పందం, 2021 ఏప్రిల్ 22 నుంచి అమల్లో ఉంది. మీరు ఏ దేశ ప్రభుత్వానికి రాస్తున్నారో అది వీటిలో చేరి ఉంటే ఉత్తరంలో ఆ సంగతి ప్రస్తావించండి.

సదస్సు జరిగే రోజుల్లో

లోపలికి వెళ్లాల్సిందేనా? అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి సదస్సుల్లో పరిశీలక హోదా సంస్థలకే ఇస్తారు, వ్యక్తులకు కాదు. గుర్తింపు ఉన్న సంస్థ ఏదైనా మీ పేరు పంపితేనే బ్యాడ్జి. దొరికితే వెళ్లండి. కానీ పథకమంతా దాని మీదే పెట్టుకోవద్దు. 2009లో కోపెన్‌హాగన్ సభాస్థలిలో పట్టేది 15 వేలమంది, పేర్లు నమోదు చేసుకున్నవాళ్లు దానికి రెండింతలు పైనే. చివరి రోజుల్లో పౌరసంఘాల ప్రతినిధుల్లో చాలామందిని లోపలికి రానివ్వలేదు.

ఇంటి దగ్గర నుంచే మంచి పని జరుగుతుంది. పొద్దున్నే ఆ రోజు కార్యక్రమం దింపుకుని, మీ పేరా ఏ సమావేశంలో చర్చకు వస్తుందో గుర్తు పెట్టుకోండి. బహిరంగ సమావేశాలను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తారు. అక్కడి సమయానికీ మీ సమయానికీ తేడా లెక్క వేసి గోడ మీద రాసుకోండి. రాత్రికి ‘ఎర్త్ నెగోషియేషన్స్ బులెటిన్’ చదవండి. 1992 నుంచి పర్యావరణ చర్చల మీద ఏ దేశం ఏమందో పొల్లుపోకుండా రాసే పత్రిక అది. పొడిగా ఉంటుంది, అందుకే నమ్మవచ్చు. పక్షం వహించి రాసే పౌరసంఘాల పత్రిక ‘ఈకో’ను కూడా పక్కన పెట్టుకుంటే, దేనిమీద కోపం రాజుకుంటోందో తెలుస్తుంది.

తలుపులు మూసిన గదుల్లోంచి పుకార్లు వస్తాయి. ఒకరు చెప్పింది ఇంకొకరు విడిగా చెప్పేదాకా రాయకండి. ఎవరైనా ‘చాటమ్ హౌస్ నియమం’ అని చెప్పి మాట్లాడితే, విన్న విషయం వాడుకోవచ్చు గానీ ఎవరు చెప్పారో, ఎవరు ఆ గదిలో ఉన్నారో రాయకూడదు. ఆ మాట తప్పితే తర్వాత మీతో ఎవరూ మాట్లాడరు.

చివరి రాత్రి మేలుకోక తప్పదు. ఈ సదస్సులు చెప్పిన సమయానికి ముగియడం అరుదు. 2019లో మాడ్రిడ్ సదస్సు శుక్రవారం ముగియాల్సింది, ఆదివారానికి తేలింది. అప్పటికి చిన్న దేశాల ప్రతినిధులు కొందరు విమానం టికెట్లు మార్చుకోలేక వెళ్లిపోయారు. అందుకే సభలో ఎవరు మాట్లాడారన్న దానితోపాటు ఎవరు లేరో కూడా చూడండి. 2023 డిసెంబరు 13న దుబాయ్‌లో శిలాజ ఇంధనాల నుంచి మళ్లాలన్న నిర్ణయం ఆమోదం పొందినట్టు అధ్యక్షుడు సుత్తి కొట్టినప్పుడు, సముద్రమట్టం పెరిగితే ముందుగా మునిగే చిన్న ద్వీప దేశాల ప్రతినిధులు గదిలో లేరు. వాళ్లు బయట తమలో తాము మాట్లాడుకుంటున్నారు. తర్వాత సమోవా ప్రతినిధి లేచి, నిర్ణయం జరిగినప్పుడు మేం ఇక్కడ లేమని చెప్పారు. సభ లేచి నిలబడి చాలాసేపు చప్పట్లు కొట్టింది. నిర్ణయం మాత్రం మారలేదు. ఇలాంటి క్షణాన్ని రాయడానికి పెద్ద మాటలు వాడకండి. సమయం, ఎవరు ఎక్కడున్నారు, ఎవరు ఏమన్నారు. జరిగింది జరిగినట్టు రాస్తే దాని బరువు పాఠకుడికే తెలుస్తుంది.

అందరూ వెళ్లిపోయాక

అసలు ఓపిక అవసరమయ్యేది ఇప్పుడే. మిగతావాళ్లు ఇంకో వార్త మీదికి వెళ్లిపోతారు.

2005లో స్కాట్లాండ్‌లోని గ్లెన్‌ఈగల్స్‌లో జీ8 నేతలు 2010 నాటికి ఏటా ఇచ్చే సహాయాన్ని 5 వేల కోట్ల డాలర్లు పెంచుతామన్నారు. అంత పెరగలేదు. 2009లో కోపెన్‌హాగన్‌లో, 2020 నాటికి ఏటా 10 వేల కోట్ల డాలర్లు వాతావరణ నిధులుగా సమకూరుస్తామన్నారు. ఓఈసీడీ లెక్క ప్రకారం ఆ మొత్తం మొదటిసారి అందింది 2022లో. ఆ లెక్కలో అప్పులను కూడా కలపడం మీద వివాదం ఉంది. ఈ రెండు వాక్యాలూ ఎవరో ఏళ్ల తరబడి వెంటపడి లెక్క చూడబట్టే మనకు తెలిశాయి.

మీ పేరాలోని గడువును క్యాలెండర్లో పెట్టుకోండి. ఆర్నెల్లకోసారి మూడు వరసలు రాయండి: ఏం చెప్పారు, ఇవాళ్టికి ఎంతయింది, ఆ అంకె ఎక్కడిది. అంకె మారకపోతే మారలేదనే రాయండి.

ఇంకో ఉత్తరం మిగిలింది, అది మీకు తమ అనుభవం చెప్పినవాళ్లకు. తుది ప్రకటనలోని పేరాను తెలుగులో రాసి, దాని పక్కన మీరు పంపిన వాక్యం పెట్టండి. ఏ మాట నిలిచిందో, ఏది పోయిందో గీత గీసి చూపించండి. అధికారుల నుంచి జవాబు వస్తే దాన్నీ జత చేయండి, రాకపోతే రాలేదని చెప్పండి. గొంతు రికార్డు చేసి పంపినవాళ్లకు మీరూ గొంతుతోనే చెప్పండి. చివర్లో, తర్వాతి ముసాయిదా ఏ నెలలో వస్తుందో రాసి, అప్పటికి వాళ్లను మళ్లీ ఏ ప్రశ్న అడగబోతున్నారో ఇప్పుడే చెప్పండి.